అచ్చు చూసే కన్ను

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అల్యూమినియం పోత పోసే షెడ్డుకెళితే నేను చూసేది అచ్చు ఎంచే మేస్త్రీనే. అచ్చులోని రెండు ఉక్కు ముక్కల్నీ మూసి దీపానికి అడ్డంపెడతాడు. సందులోంచి వెలుగు తొంగిచూసిందా, పక్కన పెట్టేస్తాడు. 660 డిగ్రీల దగ్గర కరిగే ఈ లోహం గడ్డకట్టి చల్లారేసరికి పొడవులోనే నూటికి ఒక వంతుకు పైగా కుంచించుకుపోతుంది. అందుకే అచ్చు కొలత సరుకు కంటే పిసరు ఎక్కువుండాలి. గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు లేకపోతే పోత ముక్క ఊడిరాదు, ఇక సుత్తి దెబ్బలే. గాలి పోయే సన్న గీతల్ని గోటితో తడిమి చూస్తాడు. అవి పూడుకుంటే పోతలో బుడగలే. చల్లని అచ్చులో మాత్రం చచ్చినా పోయడు. దోసె పెనంలా ముందు వేడెక్కాలి (మా అమ్మకీ ఇదే పట్టుదల). వేసవి రాత్రి సీలింగ్ ఫ్యాను మోటారు మూత కిర్రుమనకుండా తిరిగేది ఇలాంటి అచ్చు చలవే.