గ్రీజు పెట్టే చోటు, పెట్టని చోటు

బైకు డిస్క్ ప్యాడ్లు మార్చడం చూడటానికి సులువే. పిన్ను విప్పాలి, పాతవి లాగాలి, కొత్తవి దూర్చాలి. అసలు పనితనమంతా ఆ ప్యాడ్ల చుట్టూ కదిలే భాగాలను కదలనివ్వడంలో ఉంది.

మన రోడ్ల మీది చాలా బైకులకు ముందు చక్రానికి ఫ్లోటింగ్ కాలిపర్ ఉంటుంది. పిస్టన్లు ఒక పక్కనే ఉంటాయి. లివర్ నొక్కగానే అవి తమ పక్కనున్న ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతాయి. ఆ ఎదురు ఒత్తిడికి కాలిపర్ రెండు జారుడు పిన్నుల మీద పక్కకు జరిగి, అవతలి ప్యాడ్‌నూ లాక్కొచ్చి అదుముతుంది. 1969లో వచ్చిన హోండా సీబీ750 ముందు బ్రేకులోనూ పిస్టన్ ఒకటే. అక్కడ కాలిపర్ ఒక ఇరుసు మీద ఊగుతూ ఇదే పని చేసేది.

ఇంకా ముచ్చటైనది పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న చదరపు అంచుల రబ్బరు సీలు. పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగ్ ఉండదు. పిస్టన్ ముందుకు వెళ్లేటప్పుడు సీలు దాంతోపాటు కాస్త సాగుతుంది. లివర్ వదలగానే తన ఆకారానికి వచ్చేస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తీసుకొస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ సీలులోంచి కొంచెం ముందుకు జారి అక్కడే కుదురుకుంటుంది. డ్రమ్ బ్రేకులా నట్టు తిప్పి సర్దే అవసరమే ఉండదు.

పని తెలిసినవాడు కాలిపర్ ఇంకా ఫోర్కుకు బిగించి ఉండగానే ప్యాడ్ పిన్నును కాస్త వదులు చేసుకుంటాడు. ఊడదీశాక దాన్ని చేతిలో పట్టుకుని విప్పడం నరకం. పాత ప్యాడ్లను పారేసేముందు పక్కపక్కన పెట్టి చూస్తాడు. పిస్టన్ పక్కది బాగా అరిగి, అవతలిది మందంగానే ఉంటే జారుడు పిన్నులు బిగుసుకున్నాయేమోనని అనుమానిస్తాడు.

తర్వాత పిస్టన్లు. బయటికొచ్చిన భాగానికి పట్టిన నల్లటి మట్టిని సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగాకే లోపలికి నెట్టాలి. లేకపోతే ఆ మట్టంతా సీలు మీదికి చేరుతుంది. నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. పొంగి ట్యాంకు మీద పడితే పెయింటు పాడవుతుంది.

ఇక గ్రీజు. జారుడు పిన్నులకు సిలికోన్ గ్రీజు, అదీ పల్చటి పూత. మామూలు పెట్రోలియం గ్రీజు పూస్తే అక్కడి రబ్బరు ఉబ్బి, వదులుగా ఉండాల్సిన పిన్ను ఇరుక్కుంటుంది. పిన్ను దిగే గుంటలో గ్రీజు కుక్కితే గాలి బయటికి పోయే దారిలేక పిన్ను లోపలికి దిగనంటుంది. ప్యాడ్ వెనుక రేకుకు పిస్టన్ తగిలే చోట, వేడికి ఆగే గ్రీజు చుక్క చాలు. రాపిడి ముఖానికి, డిస్క్‌కు మాత్రం ఏ జిడ్డూ తగలకూడదు.

అన్నీ బిగించాక చక్రం దొర్లించే ముందే లివర్‌ను గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. మొదట్లో మెల్లగా ఆపుతూ కొత్త ప్యాడ్లను డిస్క్‌కు అలవాటు చేయాలి. వేల కిలోమీటర్ల తర్వాత తీసి చూసినప్పుడు రెండు ప్యాడ్లూ ఒకే మందంలో ఉంటే, గ్రీజు సరైన చోట, సరిపడా పడిందన్నమాట.