గీత తిన్నగా వస్తే చాలదు

మెట్‌ఫార్మిన్ స్ట్రిప్‌లు కొన్నింటి మీద మందు పేరు చివర ‘ఎస్ఆర్’ అని ఉంటుంది. ఆ మాత్రలోని మందు ఒక్కసారిగా కాక, గంటల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుందని దాని అర్థం. గంటకెంత రావాలో మాత్ర తయారుచేసేవాళ్ళు ముందే తేల్చుకోవాలి. ఇందుకు వాళ్ళు నమ్ముకునే లెక్కలు నూట పాతికేళ్ళుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయి.

మొదటి మెట్టు 1897లో పడింది. అమెరికాలోని ఎంఐటీలో నోయెస్, విట్నీ అనే ఇద్దరు బెంజోయిక్ ఆమ్లాన్నీ లెడ్ క్లోరైడ్‌నూ నీటిలో కరిగిస్తూ చూశారు. నీరు సంతృప్తం కావడానికి ఇంకా ఎంత మిగిలి ఉందో, కరిగే వేగం దానికి అనుపాతంలో ఉంటుందని తేల్చారు. 1931లో హిక్సన్, క్రోవెల్ దీనికి ఘనమూల సూత్రాన్ని జోడించారు. కరిగేకొద్దీ గుళిక చిన్నదవుతుంది, నీటికి తగిలే ఉపరితలం తగ్గుతుంది. ఆ తగ్గుదలను వాళ్ళు లెక్కలోకి తెచ్చారు.

అసలు మలుపు తకేరు హిగూచీది. ఆయన 1961లో రాసిన సమీకరణం మాత్రల కోసం కాదు, ఒంటికి రాసే ఆయింట్‌మెంట్ల కోసం. రెండేళ్ళకు దాన్నే మాత్రలకు విస్తరించాడు. మైనం లాంటి కరగని పదార్థంలో మందు పొడి నిండా కూరి ఉందనుకోండి. నీరు తగిలిన అంచున మందు ముందు కరిగి పోతుంది. తర్వాత కరిగే మందు ఆ ఖాళీ అయిన పొరను దాటుకుని రావాలి. ఊరి చుట్టూ పుల్లలు ఏరుకునేవాళ్ళు రోజురోజుకూ ఇంకాస్త దూరం నడవాల్సి వచ్చినట్టే ఇదీ. ఖాళీ పొర ఎంత మందమైతే విడుదల అంత మందగిస్తుంది. ఆ పొరను మందం చేసేదీ విడుదలైన మందే. ఈ రెండు ముక్కలూ కలిపి లెక్క కడితే మొత్తం విడుదల కాలపు వర్గమూలానికి అనుపాతంలో తేలుతుంది. మొదటి గంటలో 20 శాతం వస్తే, 40 శాతానికి నాలుగు గంటలు, 60 శాతానికి తొమ్మిది గంటలు పడుతుంది. ఇంత చిక్కు వ్యవహారం ఇంత చిన్న సూత్రంలో ఇమడటం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఆ సూత్రానికి షరతులున్నాయి. మాత్ర ఉబ్బకూడదు, కరగకూడదు. లోపలున్న మందు దాని ద్రావణీయత కంటే చాలా ఎక్కువ ఉండాలి. బయటి ద్రవంలో మందు పేరుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ మాత్రల్లో తరచుగా వాడే హెచ్‌పీఎంసీ అనే పాలిమర్ నీరు తగలగానే ఉబ్బి జెల్ అవుతుంది. మెట్‌ఫార్మిన్ నీటిలో ఇట్టే కరిగిపోయే మందు. అంటే రెండు షరతులు అక్కడే దెబ్బతిన్నాయి.

ఉబ్బే పాలిమర్ల కోసం 1983లో కోర్స్‌మేయర్, పెప్పాస్ బృందం ఇంకో దారి చూపింది. కాలానికి ఘాతాంకం సగమేనని ముందే అనుకోకుండా, అదెంతో ప్రయోగ ఫలితాల నుంచే రాబట్టారు. స్తూపాకారపు మాత్రలో అది 0.45 దగ్గరుంటే మందు వ్యాపనంతోనే వస్తోంది, 0.89 దగ్గరుంటే పాలిమర్ ఉబ్బి సడలడమే వేగాన్ని నిర్ణయిస్తోంది. మధ్యలో ఉంటే రెండూ కలిసి. పలుచని పొరకైతే ఆ హద్దులు 0.5, 1. ఈ సూత్రాన్ని మొదటి 60 శాతం విడుదల వరకే వాడాలి.

మన ఫార్మసీ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ సమీకరణాలన్నీ వరసగా కనిపిస్తాయి. ఒకే ఫలితాలను నాలుగైదింటికి అతికించి, అతుకు ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్-స్క్వేర్ ఎక్కువొచ్చిన దాన్నే విడుదల విధానంగా ప్రకటించడం ఆనవాయితీ అయింది. నా దృష్టిలో ఇది లెక్కను అలంకారంగా వాడటమే. మందు పూర్తిగా కరిగి ఉన్న పొర నుంచి సాదా వ్యాపనంతో వచ్చినా, విడుదలను కాలపు వర్గమూలానికి ఎదురుగా గీస్తే మొదటి 60 శాతం వరకు గీత తిన్నగానే వస్తుంది. గీత తిన్నగా ఉన్నంత మాత్రాన హిగూచీ షరతులు నెరవేరినట్టు కాదు. మాత్ర ఉబ్బుతోందా, అరుగుతోందా అని కంటితో చూసి, కొలిచి, ఆ తర్వాత సమీకరణం ఎంచుకోవాలి.

పరిశ్రమలో ఈ లెక్కకు డబ్బు విలువ, ప్రాణం విలువ రెండూ ఉన్నాయి. అమెరికాకు జెనరిక్ మందులు పంపే హైదరాబాద్ కంపెనీలు తమ మాత్రనూ అసలు మాత్రనూ 37 డిగ్రీల ద్రవంలో తిప్పి, గంటగంటకూ నమూనా తీసి పోలుస్తాయి. రెండింటి పోలికకు ఎఫ్2 అనే కొలత ఉంది. 50 దాటితే ఒకేలా ఉన్నట్టు. ప్రతి నమూనాలోనూ తేడా 10 శాతం ఉంటే ఎఫ్2 దాదాపు 50కి వస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 1997 మార్గదర్శకాల ప్రకారం, ల్యాబ్‌లోని విడుదల నుంచి రక్తంలోని మందు స్థాయిని నమ్మకంగా అంచనా వేయగలిగితే, కొన్ని మార్పులకు మనుషుల మీద మళ్ళీ పరీక్ష అక్కర్లేదు. ఆ అంచనా తప్పు సగటున 10 శాతం మించకూడదు.

లెక్క ఏ ద్రవానికి వేశామో ఆ ద్రవానికే చెల్లుతుంది. పాలడోన్ అనే హైడ్రోమార్ఫోన్ క్యాప్సూల్‌ను 2005లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. మద్యంతో కలిసినప్పుడు రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా బయటపడే ప్రమాదం ఉందని తేలడమే కారణం.

ఈ సమీకరణాల లెక్క మాత్ర ఆకారం, ఉపరితలం, లోపలి నుంచి అంచుకున్న దూరం లాంటి వాటి మీద ఆధారపడి ఉంటుంది. మాత్రను నూరినా నమిలినా ఆ లెక్కంతా తారుమారై, గంటల మోతాదు నిమిషాల్లో రక్తంలోకి వెళ్ళొచ్చు. కొన్ని ఎస్ఆర్ మాత్రలను గాటు దగ్గర విరవవచ్చు, చాలావాటిని విరవకూడదు. మింగడం కష్టంగా ఉంటే మాత్రను మీరే చిదపకుండా, డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగి వేరే రూపంలో మందు రాయించుకోండి.