జిరాక్స్ మీద రెండు గీతలు

విశాఖ హార్బర్‌కి అడ్డంగా నిలబడ్డ డాల్ఫిన్స్ నోస్ కొండ పేరు 2019 డిసెంబరులో ఒక కేసుకి పెట్టారు. రాష్ట్ర ఇంటెలిజెన్స్, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ ఇంటెలిజెన్స్ కలిసి ఏడుగురు నేవీ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశాయి. ఓడలు, జలాంతర్గాముల కదలికలను పాకిస్తాన్ ఏజెంట్లకు చేరవేశారన్నది అభియోగం. పరిచయాలు కుదిరింది ఫేస్‌బుక్‌లో. కేసు తర్వాత ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఆ నెల తిరక్కుండానే నౌకాదళం తన స్థావరాల్లో, డాక్‌యార్డుల్లో, యుద్ధనౌకల మీద స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది.

వాళ్లంటే నేవీ వాళ్లు, మన దగ్గర దాచుకోడానికి ఏముంది అంటారు చాలామంది. ఏముందో చూడాలంటే గాజువాక వైపు ఏదైనా జిరాక్స్ షాపులో పది నిమిషాలు నిలబడితే చాలు. కాంట్రాక్టు కార్మికుడు గేట్‌పాస్ కాగితాల కోసం వస్తాడు. "అన్నా, వాట్సాప్ చేశాను, రెండు కాపీలు తియ్యి" అంటాడు. షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ పొద్దుటి నుంచీ తెరిచే ఉంటుంది. ఒకరి ఆధార్, ఇంకొకరి పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు, అన్నీ వరసగా. వెనక నిలబడ్డ నలుగురికీ కనబడతాయి. ప్రింటు తీశాక ఫైలు డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోతుంది. సరిగ్గా పడని కాపీ పక్కనున్న కట్టలోకి పోతుంది, రెండో వైపు తెల్లగా ఉంది కదా అని.

నేను పని అయ్యాక ఫైలు తీసెయ్యమంటాను. చెడిపోయిన కాపీ కూడా అడిగి తీసుకుంటాను. ఆ కుర్రాడు ఏనాడూ విసుక్కోలేదు. "ఇలా ఎవరూ అడగరండీ" అన్నాడొకసారి, అంతే. అతని తప్పేమీ లేదు. అడిగేవాళ్లు లేకపోతే తుడిచే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత పెన్ను తీసి కాపీ మీద ఏటవాలుగా రెండు గీతలు గీస్తాను. మధ్యలో "ఇల్లు అద్దెకు మాత్రమే" అనో, "సిమ్ కోసం మాత్రమే" అనో రాసి, తేదీ వేసి, సంతకం పెడతాను. ఆ కాగితం ఇంకో పనికి వాడాలనుకున్నవాడికి ఆ గీతలు అడ్డం పడతాయి. నంబరంతా అక్కర్లేని చోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తాను. ఆధార్ సైట్‌లోనే దొరుకుతుంది, ఖర్చు లేదు. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం 2022 మేలో ఈ మాటే చెప్పింది: జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి అని. రెండు రోజుల్లో ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది, అపార్థం చేసుకుంటారని. నా మటుకు ఆ సలహాయే సరైనది.

ఎందుకంటే వేలిముద్రల కథ మన దగ్గరే జరిగింది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి, ఆన్‌లైన్‌లో పెట్టిన భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత ముఠాలు అదే దారిలో బ్యాంకు ఖాతాల మీద పడ్డాయి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే మైక్రో ఏటీఎం దగ్గర డబ్బు వస్తుంది, ఓటీపీ అడగదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిని ఏం చేస్తాం?

ఒకరి చేతిలో పెట్టినంత మాత్రాన కాగితం వాళ్ల సొంతమైపోదు. ఈ సూత్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది తెలుగు నేల నుంచే. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, బ్యాంకుల్లో ఉన్న ఖాతాదారుల కాగితాలను తనిఖీ చేసే అధికారం ఇచ్చింది. కెనరా బ్యాంకు కేసులో 2004లో కోర్టు దాన్ని కొట్టేసింది. బ్యాంకు దగ్గరున్నా ఆ కాగితాల మీద మనిషి గోప్యత పోదంది. అంతకు చాలా ముందే, 1962లో, రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఖరక్ సింగ్ కేసులో ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని భిన్నాభిప్రాయం రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చడంతో ఆయన మాటే నిలిచింది. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. అయినా కౌంటర్ దగ్గర "ఇది ఎందుకండీ మీకు?" అని అడగాల్సింది మనమే. గట్టిగా అక్కర్లేదు, మర్యాదగానే.

ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు రిటైరైన పెద్దవాళ్ల గురించే నా బెంగంతా. జీవితాంతం కష్టపడి దాచుకున్న పీఎఫ్ డబ్బు ఖాతాలో ఉంటుంది, పిల్లలు దూరాన ఉంటారు. వీడియో కాల్‌లో ఎవడో పోలీసు యూనిఫాంలో కనబడి, ఆధార్ నంబరు అప్పజెప్పి, "డిజిటల్ అరెస్ట్ చేశాం" అంటే వణికిపోతారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఈ ఒక్క ముక్క వాళ్ల చెవిన ముందే వేసి ఉంచాలి.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని వాళ్ల ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి పెట్టండి. రేషన్‌కో పింఛన్‌కో వేలిముద్ర కావాల్సినప్పుడు కాసేపు తెరవొచ్చు, అది ఎలాగో దగ్గరుండి చేయించి చూపించండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చెయ్యాలని గోడ మీద రాసి పెట్టండి.