కుట్టు మిషను దగ్గర ఆగిపోయే కథ

స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికల్లో కనిపించే ‘విజయగాథ’ను నేనొక సాహిత్య ప్రక్రియగా చదువుతాను. అందులో ఒక కథానాయిక, పేరు మార్చి ఉంటుంది. మొదట కష్టాలు, నడుమ సంస్థ రాక, చివర కుట్టు మిషను పక్కన నవ్వుతున్న ఫొటో. ఆ తర్వాత ఏమైందన్నది ఈ ప్రక్రియకు అక్కర్లేదు.

పెద్దాపురంలో అలాంటి కథానాయిక ఒకామెను కలిశాను. ఆమె మీద రాసిన పేజీ చదివి వినిపించాను. అంతా విని, “బానే రాశారండి. మిషను అమ్మేసి రెండేళ్లయింది. జాకెట్లు కుట్టించుకోటానికి మా గుమ్మం ఎవరు తొక్కుతారండి? అది రాయలేదేంటండి?” అంది.

రాస్తే నిధులు ఆగిపోతాయన్న భయం. ప్రయత్నం విఫలం కావడం తప్పు కాదు. దాన్ని దాచి, అదే మిషనును మరో ఊళ్లో మరో ఆమెకు ఇవ్వడం తప్పు.

దాచకుండా రాసిన పాఠం గోదావరి ఒడ్డునే ఉంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం, తన ‘స్వీయచరిత్రము’లో ఆ ఉద్యమపు ఓటముల్ని కూడా చెప్పారు. వెలికి భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్న మిత్రులు, పెళ్లయ్యాక పోషణకు ఆయన మీదే ఆధారపడ్డ దంపతులు, డబ్బు తగాదాలు అన్నీ అందులో ఉన్నాయి. ఈనాటి ఏ నివేదికకూ ఇంత ధైర్యం లేదు.

అయితే ఆ సాహసపు బరువు ఎవరు మోశారు? వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేస్తే గోదావరి నుంచి నీళ్లు మోసింది రాజ్యలక్ష్మమ్మ. ఆమె తన చరిత్ర రాసుకోలేదు. భోగం మేళాల మీద ఆయన చేసిన పోరాటంలోనూ ఇదే ప్రశ్న. 1947 మద్రాసు దేవదాసీ చట్టం గుళ్లో ఆటను ఆపింది, 1956 ఆంధ్ర సవరణ పెళ్లి మేళాలనూ ఆపింది. ఆ కళే ఆధారమైన కళావంతుల ఇళ్లకు ఆ చట్టాలు మరో బతుకుతెరువు చూపలేదు. సంస్కరణకు అది విజయం. పెద్దాపురం ఆడవాళ్లకు మిగిలింది ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో కనిపించే వెకిలి నవ్వు.

ఇప్పుడు ‘వైఫల్యాన్ని ఆహ్వానించండి, రిస్క్ తీసుకోండి’ అనే మాట స్వచ్ఛంద రంగంలో గట్టిగానే వినిపిస్తోంది. ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ కెనడా 2008లో తన వైఫల్యాల మీదే ఒక నివేదిక వేసింది. మంచిదే. కానీ ఓడిపోయిన సంస్థకు పాఠం దక్కుతుంది, మరో ప్రాజెక్టు దక్కుతుంది. ఓడిపోయిన మనిషికి మిషను కొన్నప్పటి అప్పు మిగలొచ్చు. అందుకే వైఫల్య నివేదికను కూడా సంస్థ ఒక్కటే రాస్తే, అది విజయగాథకు మరో ముగింపు మాత్రమే. ఎక్కడ దెబ్బతిన్నదీ ఆమె చెప్పాలి, ఆమె మాట నివేదికలోకి రావాలి.

ఈ మాట అనే అర్హత నాకెంత? నా సిద్ధాంత గ్రంథంలో సాధికారత మీద ఒక అధ్యాయం ఉంది. వాదనకు అడ్డొస్తుందని మిషను అమ్మేసిన సంగతి అందులో వదిలేశాను. నాకు డిగ్రీ వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న ఇన్నాళ్లకు ఇక్కడ అచ్చవుతోంది.