జరగని పోటీలకు తీర్పులు

గ్లోవ్స్ తొడుక్కుని కొట్టుకున్న తొలి తరం హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరు ఎవరిని పడగొట్టేవారో లెక్క వేసుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. సులివన్, పీటర్ జాక్సన్ ఒకే రింగులోకి దిగి ఉంటే? నిండు వయసులో ఉన్న జెఫ్రీస్ జాక్ జాన్సన్‌కు ఎదురుపడి ఉంటే? కాశీబుగ్గ టీ కొట్ల దగ్గర ఈ మాట ఎత్తితే కాలక్షేపం కబుర్లంటారు. నేనలా అనుకోను. ఇవి వేర్వేరు కాలాల వాళ్ల పోటీలు కావు. జరగవలసినవే. జరగనివ్వలేదు.

పీటర్ జాక్సన్ కరీబియన్ దీవుల్లో పుట్టి ఆస్ట్రేలియాలో ఆట నేర్చిన నల్లజాతి బాక్సర్. 1891 మే 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు తలపడ్డాడు. దాదాపు నాలుగు గంటలు! చివరికి ఇద్దరికీ చేతులు లేవక, రిఫరీ ఎవరూ గెలవలేదని ఆపేశాడు. ఆ కార్బెట్టే మరుసటి ఏడాది సెప్టెంబర్ 7న న్యూ ఆర్లియన్స్‌లో 21వ రౌండులో సులివన్‌ను పడగొట్టి చాంపియన్ అయ్యాడు. సులివన్ మాత్రం జాక్సన్‌తో ఒక్కసారీ తలపడలేదు. నల్లవాళ్లతో పోటీకి రానని బాహాటంగా చెప్పాడు. నా తీర్పు అడిగితే, 1891 నాటి జాక్సన్ సులివన్‌ను పాతిక రౌండ్లలోపే ఆపేసేవాడు.

జెఫ్రీస్ కూడా అంతే. నల్లవాడైన జాన్సన్ సవాలు చేసినప్పుడు తెల్లవాళ్లతోనే ఆడతానన్నాడు, 1905లో ఆట మానేశాడు. మళ్లీ 1910 జులై 4న రీనోలో రింగెక్కే నాటికి, పెరిగిన ఒళ్లు తగ్గించుకోవడంలోనే సగం సత్తువ పోయింది. 15వ రౌండులో పడిపోయాడు. అందుకే ఏ ఏటి మనిషిని దించుతున్నామో ముందే చెప్పుకోవాలి. 1904 నాటి జెఫ్రీస్ అయితే జాన్సన్‌ను చాలా కష్టపెట్టేవాడు. గెలుపు మాత్రం అప్పుడూ జాన్సన్‌దే అంటాను. మరి ఆ జాన్సనే చాంపియన్ అయ్యాక తన తోటి నల్లవాడు శామ్ లాంగ్‌ఫర్డ్‌కు టైటిల్ పోటీ ఇవ్వలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ తీర్పులు చెప్పడానికి ధైర్యం ఎక్కడిదంటే, ఆధారం ఉంది. 1897 మార్చి 17న కార్సన్ సిటీలో కార్బెట్, ఫిట్జ్‌సిమన్స్ పోటీని కెమెరాతో తీశారు. అందులో కొన్ని ముక్కలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. చూసేటప్పుడు చేతుల్ని వదిలేసి కాళ్లను చూడండి. ఫిట్జ్‌సిమన్స్ ఒకప్పుడు కొలిమి పని చేసినవాడు. భుజాలు విశాలం, కాళ్లు సన్నం, బరువు 76 కిలోలకు మించదు. 14వ రౌండులో కుడికాలు ముందుకేసి, ఎడమచేత్తో రొమ్ము ఎముక కింద ఒక్క గుద్దు గుద్దాడు. కార్బెట్ స్పృహ తప్పలేదు. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, ఊపిరే అందలేదు. పది లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు.

ఇక మన సంగతి. బస్తాలు దింపే కలాసీ కుర్రాడొకడు అడిగాడు: "ఏటి మాస్టారూ, మన కోడి రామ్మూర్తి దిగితే ఆ గామా నిలబడగలడేటి?"

"నిలబడతాడు బాబూ. గెలుస్తాడు కూడా" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది.

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మా చిన్నప్పటి దేవుడు. ఇప్పుడు ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. ఊపిరి బిగబట్టి గొలుసులు తెంపడం, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన విద్య. కుస్తీ వీరుడు గామాది వేరే విద్య. 1910 సెప్టెంబర్ 10న లండన్‌లో అతనితో తలపడిన పోలెండ్ మల్లయోధుడు జిబిస్కో చాప మీద బోర్లా పడుకుని రెండున్నర గంటలకు పైగా లేవకుండా తప్పించుకున్నాడు. వారం తర్వాత మళ్లీ రావలసినవాడు రానేలేదు. 1928లో పటియాలాలో వచ్చాడు, నిమిషమైనా నిలవలేదు. పలాసలో 80 కిలోల జీడిపిక్కల బస్తాను అవలీలగా మోసే కలాసీకి ఈ తేడా వెంటనే తెలియాలి. బస్తా ఎంత బరువైనా తిరగబడదు, మెడ పట్టుకోదు. గోదాలో ఎదుటివాడు తిరగబడతాడు. బలప్రదర్శనలో రామమూర్తికి గామా సాటి రాడు, కుస్తీలో గామాకు రామమూర్తి సాటి రాడు. మన ఉత్తరాంధ్ర వాడని తీర్పు మార్చలేను.

ఇంతకంటే గట్టిగా చెప్పాలని ఉంది. కానీ కార్బెట్ అడుగులను ఇవాళ ఫోన్‌లో చూడగలుగుతున్న మనం, రామమూర్తి గురించి తాతలు చెప్పిన మాటల మీదే ఆధారపడుతున్నాం. ఆయన సర్కస్ దేశమంతా తిరిగింది. కరపత్రాలు వేసి ఉంటారు, టిక్కెట్లు అమ్మి ఉంటారు, ఎవరో ఒకరు ఉత్తరాల్లో రాసి ఉంటారు. టెక్కలి, సోంపేట, కవిటి వైపు పాత ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో అలాంటి కాగితం ముక్క కనిపిస్తే దయచేసి పారేయకండి. ఫొటో తీసి ఈ పత్రికకు పంపండి. తేదీ, ఊరు, ఎత్తిన బరువు ఉంటే మరీ మంచిది.