ఆర్తికి తోడుగొంతులు

అమెరికాలోని నల్లజాతి చర్చిలలో పుట్టి లోకమంతటా శ్రోతల హృదయాలను గెలుచుకొన్న గాస్పెల్ క్వయర్ సంగీతాన్ని, దాని పుట్టుపూర్వోత్తరాలతోనూ గానధర్మాలతోనూ తెలుగువారికి సాకల్యంగా నివేదిస్తున్న ఈ గ్రంథానికి పీఠిక రాయడం నాకు సంతోషకరమైన కర్తవ్యం. క్రుంగిన మనస్సును లేవనెత్తే శక్తి ఆ బృందగానానికి ఎక్కడిదన్న ప్రశ్నను గ్రంథకర్త్రి భక్త్యావేశంతో దాటవేయక, చరిత్రనూ స్వరరచననూ గాయకుల నిత్యసాధననూ ఓపికగా శోధించి సమాధానం వెదికింది. రికార్డులను మళ్ళీమళ్ళీ విని, ఒక్కొక్క గొంతు ఎక్కడ కలుస్తున్నదో, ఎక్కడ విడివడుతున్నదో గుర్తించి రాసిన పుటలలో ఆ పరిశ్రమ ప్రత్యక్షమవుతుంది.

ఈ గానానికి గొప్ప వంశముంది. బానిసల శ్రమలోనూ ప్రార్థనలోనూ రూపుదిద్దుకొన్న ఆధ్యాత్మిక గీతాలను, 1871లో నాష్‌విల్ నగరపు ఫిస్క్ విద్యాలయ విద్యార్థులు, అప్పులపాలైన తమ విద్యాలయాన్ని నిలబెట్టుకోవడానికి ఊరూరా పాడుతూ బయలుదేరి, సముద్రం దాటి విక్టోరియా రాణి ఎదుట సైతం పాడి, ఆర్జించిన ధనంతో జూబిలీ హాల్ భవనాన్ని కట్టించారు. వారిలో చాలామంది బానిసత్వంలోనే కళ్ళు తెరిచినవారు.

ఆ వారసత్వాన్ని షికాగోలో కొత్త దారి పట్టించినవారు థామస్ డార్సీ (1899–1993). మతబోధకుని కుమారుడైన ఆయన, ‘జార్జియా టామ్’ అన్న పేరుతో బ్లూస్ లోకంలో ప్రసిద్ధులై, మా రెయినీ వంటి మహాగాయనికి పియానో వాయించినవారు. ఆ బ్లూస్ నడకను ఆరాధనాగీతాలలోకి తెచ్చినందుకు తొలుత అనేక చర్చిలు ఆయనను గుమ్మంలోనే నిలిపివేశాయి. 1932 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో గానసభలో ఉండగా, భార్య నెట్టీ పురుటిలో మరణించిందన్న తంతి ఆయనకు అందింది. కొద్ది వ్యవధిలోనే పసికందూ కన్నుమూయగా, తల్లినీ బిడ్డనూ ఒకే శవపేటికలో ఉంచి ఖననం చేశారు. దైవం మీదే అలిగి గానాన్ని విడిచిపెట్టాలనుకొన్న ఆ మనిషి, ఒక పాత కీర్తన బాణీని ఆసరా చేసుకొని, చేయి పట్టి నడిపించమని వేడుకొంటూ ‘ప్రెషస్ లార్డ్’ గీతాన్ని రచించారు. మార్టిన్ లూథర్ కింగ్‌కు అత్యంత ప్రీతిపాత్రమైన ఆ గీతాన్నే 1968లో ఆయన అంత్యక్రియల వేళ మహాలియా జాక్సన్ పాడింది. పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి క్వయర్‌ను దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన డార్సీకి గ్రంథకర్త్రి అత్యధిక స్థలం కేటాయించడం న్యాయమే. దుఃఖాన్ని ముందుగా ఒప్పుకొని, ఒంటరి గొంతు మోయలేని ఆ బరువును పదిమంది గొంతులకు పంచి, పిమ్మట మాత్రమే ఉల్లాసానికి తలుపు తెరవడం ఈ గానధర్మమని ఆ జీవితం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

స్వరరచనను వివరించే అధ్యాయం ఈ గ్రంథానికి ప్రాణం. మన భజనగోష్ఠిలో వలెనే ఇక్కడా ఒకరు పలుకు అందిస్తే తక్కినవారు అందుకొంటారు. అయితే సొప్రానో, ఆల్టో, టెనర్ అన్న మూడు అంతస్తులుగా విడిపోయి, ఒకే మాటను మూడు ఎత్తులలో నిలబెడతారు. రెండవ, నాల్గవ మాత్రల మీద చప్పట్లు పడతాయి, హామండ్ ఆర్గన్ గాయని ఊపిరి తీసే సందులను నింపుతుంది, ఒకే పాదం తిరిగి తిరిగి వస్తూండగా శ్రుతి అర్ధస్వరం చొప్పున మెట్లెక్కుతుంది. శ్రోత దేహం మొదట ఆ లయకు లోబడుతుంది, మనస్సు దానిని అనుసరిస్తుంది.

ఈ అధ్యాయం చదివేవారు అరీతా ఫ్రాంక్లిన్ 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు పాడిన గానాన్ని తప్పక వినాలి. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ ఆమెకు వెన్నుదన్నుగా నిలిచింది. అప్పుడు తీసిన చిత్రం, శబ్దానికీ దృశ్యానికీ పొంతన కుదరక దశాబ్దాలు మూలబడి, 2018లో వెలుగు చూసింది. పాట సాగుతూండగానే, ఆ గానకళలో ఆరితేరిన జేమ్స్ క్లీవ్‌లండ్ పియానో విడిచి పక్కన కూర్చుని కన్నీరు పెట్టుకోవడం అందులో కనిపిస్తుంది. నేర్పిన గురువునే కరిగించిన గానం సామాన్య శ్రోతను కరిగించడంలో వింతేముంది?

ఎడ్విన్ హాకిన్స్ బృందం పద్ధెనిమిదవ శతాబ్దపు కీర్తనను ‘ఓ హ్యాపీ డే’గా మలచి, 1969లో చర్చి గోడలు దాటించి లోకవ్యాప్తం చేసిన ఘట్టాన్ని రెండు పుటలలో ముగించడం మాత్రం నాకు కొరతగానే తోచింది, మలిముద్రణలో దానిని విస్తరించాలి.

మరొక బాధ్యత కూడా ఈమెకు అప్పగిస్తున్నాను. పురుషోత్తమ చౌదరి ప్రభృతులు మన రాగతాళాలలో కూర్చిన తెలుగు క్రైస్తవ కీర్తనలను ఆంధ్ర, తెలంగాణ పల్లెల చర్చిలలో ఈనాటికీ పాడుతున్నారు. పాడేవారిలో పెద్దలు మనమధ్య ఉండగానే వారి బాణీలను రికార్డు చేసి, ఇంతే శ్రద్ధతో గ్రంథస్థం చేయాలని కోరుతూ, చిరంజీవి గ్రంథకర్త్రికి ఆయురారోగ్యాలు కలగాలని ఆశీర్వదిస్తున్నాను.