‘మూడింటిలో రెండు’ – ఒక నినాదముపై విమర్శ

దత్తాంశమును పలు కంప్యూటర్లలో ప్రతులుగా ఉంచినప్పుడు ఏకరూపత, లభ్యత, సంబంధము తెగినను నిలుచుట అను మూడు గుణములు ఏకకాలమున సాధ్యము కావని 2000లో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించెను. గిల్బర్ట్, లించ్ 2002లో దానిని నిరూపించిరి. పాఠములలో ఇది ‘మూడింటిలో రెండు ఎంచుకొనుడు’ అను నినాదమైనది. ఈ వివరణము సరికాదు.

తెలంగాణములో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020లో ధరణికి, 2025లో భూభారతికి చేరినది. అట్టి రికార్డుకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో మూడు ప్రతులున్నవని ఊహింతము. గద్వాలను కలుపు తీగ తెగినది. తెగుట మన ఎంపిక కాదు గదా! అప్పుడు గద్వాల కంప్యూటరు పని ఆపవలెను; లేదా తన పాత ప్రతినే నమ్మి సాగవలెను. సాగినచో ఒకే పొలము గద్వాలలో ఒకరికి, వనపర్తిలో మరొకరికి రిజిస్టరు కావచ్చును. ఆపినచో మిగిలిన రెండును అధికసంఖ్య గనుక పని నడుపగలవు.

తీగ బాగున్నంతకాలము, కొంత ఆలస్యము తప్ప, ఏ గుణమునూ వదలనక్కరలేదు. నినాదము తప్పుదారి పట్టించునని బ్రూవరే 2012లో వ్రాసెను.

రైతుకు ఒకపూట నిరీక్షణ విసుగు. తప్పు ప్రతి బ్రతుకుతెరువుకే ముప్పు. పరీక్షా ఫలితములు చూపుటలో పాత ప్రతి కొంతసేపు కనబడినను నష్టము స్వల్పము. కావున ఉపాధ్యాయులు నినాదమును వల్లెవేయింపక, ‘తీగ తెగిననాడు దేనిని వదలవలెను?’ అని విద్యార్థులను అడుగుట మేలు.